ప్లేగు రోగిని వీపున మోసిన తల్లి

2021 మే మొదటివారంలో ఒక రాత్రి, విశాఖపట్నంలోని మా నర్సింగ్ విద్యార్థినుల వసతిగృహంలో దీపాలు ఆరలేదు. చివరి సంవత్సరం విద్యార్థినులను సీనియర్ల పర్యవేక్షణలో కొవిడ్ విధులకు వినియోగించుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం ఆ వారమే ప్రకటించింది. మరునాటి ఉదయం నుంచి మా పిల్లల క్లినికల్ శిక్షణ కొవిడ్ వార్డులోనే. వారి అధ్యాపకురాలిగా వారితోపాటు వెళ్ళవలసినదాన్ని నేను. వారికి ధైర్యం చెప్పవలసినదాన్నీ నేనే. నిజానికి నాకే ధైర్యం లేదు.

ఆ పిల్లలు ఎవరో చెప్పకపోతే ఈ కథకు అర్థముండదు. ఒకరు పాడేరు కొండల మీదినుంచి చదువుకోసం దిగివచ్చిన అమ్మాయి. ఒకరి తండ్రి పోర్టులో కళాసీ. మరొకరి తాత ఉక్కు కర్మాగారానికి భూమి ఇచ్చి, చేతిలో ఆర్-కార్డు పట్టుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే కన్నుమూసిన నిర్వాసితుడు. అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు. మా వృత్తిలోకి అగ్రకులాల ఆడపిల్లలు తక్కువగా రావడం యాదృచ్ఛికం కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ రాత్రి ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చి, పేరు రాయకుండా, దేనికి భయపడుతున్నారో రాయమన్నాను. చావంటే భయమని రాసినవారు తక్కువ. జబ్బును ఇంటికి మోసుకుపోతామేమోనన్న భయమే దాదాపు అందరిదీ. మధుమేహమున్న తల్లి, డయాలసిస్‌లో ఉన్న తండ్రి, చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చిన అక్క ఆ కాగితాల నిండా ఉన్నారు. పీపీఈ కిట్ వేసుకోవడం తెలుసుగానీ విప్పేటప్పుడు పొరపాటు జరిగితే ఏమిటని కొందరు అడిగారు. తమ కళ్ళముందు రోగి ఊపిరి ఆగిపోతే ఏం చెయ్యాలని ఇంకొందరు అడిగారు. ఒక కాగితం మాత్రం వేరుగా ఉంది. కూతురు ఆసుపత్రికి వెళుతోందని తెలిసి, ఇంటి యజమాని తన తల్లిని వీధికుళాయి దగ్గర బిందె పెట్టవద్దన్నాడని ఆ పిల్ల రాసింది. అది జబ్బుకు భయపడి అన్నమాటా, ఎప్పటినుంచో మనసులో ఉన్న మాటేనా, తేల్చుకోలేకపోతున్నానని రాసింది.

ఆ ప్రశ్నకు నా పాఠ్యపుస్తకాల్లో జవాబు లేదు. అందుకే ఆ రాత్రి వారికి సావిత్రిబాయి ఫూలే జీవితం చెప్పాను. పాఠశాలలు పెట్టిన పంతులమ్మగా ఆమె వారికి తెలుసు. ఆమె చివరిరోజులు ఎలా గడిచాయో ఎక్కువమందికి తెలియదు.

1831 జనవరి 3న సతారా జిల్లా నాయ్‌గావ్‌లో, మాలీ కులంలో ఆమె పుట్టింది. మాలీలు పూలతోటలు సాగుచేసే శూద్రులు. తొమ్మిదేళ్ళకే, 1840లో, పదమూడేళ్ళ జోతిరావుతో పెళ్ళయింది. అత్తవారింట అడుగుపెట్టేనాటికి ఆమెకు అక్షరం రాదు. భర్తే తొలి గురువు. ఆపైన అహ్మద్‌నగర్‌లోనూ పుణెలోనూ ఉపాధ్యాయ శిక్షణ పొందింది. 1848లో పుణె నడిబొడ్డున, భిడేవాడాలో ఆడపిల్లల బడి మొదలైనప్పుడు ఆమె వయసు పదిహేడేళ్ళు.

ఆ బడికి నడిచివెళ్ళే దారిలో ఆమెపై పేడా బురదా విసిరారు. సంచిలో మరో చీర పెట్టుకుని వెళ్ళేది. బడికి చేరి తడిసిన చీర మార్చుకుని పాఠం చెప్పేది. ఒంటిమీద అశుద్ధం పడితే మనిషి సిగ్గుతో ఇంట్లో కూర్చుంటుందని విసిరినవారు అనుకున్నారు. అశుద్ధం గురించి కులం చెప్పే సూత్రాన్ని ఆమె నమ్మలేదు గనుక ఆ ఆయుధం పనిచెయ్యలేదు. మలం కడుక్కుంటే పోతుంది, దానిని మనిషి పుట్టుకకు అంటగట్టినప్పుడే పోదు. ఈ తేడా తెలిసినవారే మంచి నర్సులవుతారని నా అనుభవం.

సంఘం ఒత్తిడికి తలొగ్గి 1849లో మామగారు ఆ దంపతులను ఇంటినుంచి పంపివేశాడు. అప్పుడు నీడ ఇచ్చింది ఉస్మాన్ షేక్ ఇల్లు. బడిపనిలో ఫాతిమా షేక్ తోడైంది. 1863లో ఫూలే దంపతులు తమ ఇంటిలోనే గర్భవతులైన వితంతువులకు ఆశ్రయం ఏర్పరిచారు. బాలవితంతువులను చెరిచే సమాజమే వారి బిడ్డలను నూతుల్లో పారవేయించే రోజులవి. అక్కడికి రహస్యంగా వచ్చినవారిలో ఎక్కువమంది బ్రాహ్మణ స్త్రీలు. వారికి పురుడు పోయించి, బాలింతల సేవచేసింది శూద్ర స్త్రీ సావిత్రిబాయి. 1874లో కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన పిల్లవాణ్ణి దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరుపెట్టుకుంది. ఆ బిడ్డనే వైద్యుణ్ణి చేసింది.

1868లో ఫూలేలు తమ ఇంటి నీటితొట్టిని అస్పృశ్యులకు తెరిచారు. అదే ఏడాది పుట్టింటి ఊరిలో, ఒక బ్రాహ్మణ యువకుడూ ఒక అంటరాని కులం యువతీ ప్రేమించుకున్నారని ఊరివారు చంపబోతే, సావిత్రిబాయి అడ్డుపడి ఇద్దరినీ ప్రాణాలతో ఊరు దాటించింది. ఈ సంగతి ఆమె భర్తకు రాసిన ఉత్తరంలో ఉంది. 1873లో సత్యశోధక సమాజం ఏర్పడింది. 1876-77 నాటి మహాకరువులో ఆ సమాజం తరఫున ఆమె జున్నర్ ప్రాంతంలో తిరిగింది. ఆకలిగొన్నవారికి అన్నకేంద్రాలు నడిపింది, అరెస్టయిన కార్యకర్తల కోసం కలెక్టరుతో వాదించింది. 1890లో జోతిరావు మరణించినప్పుడు దత్తపుత్రుడు అగ్నికుండ పట్టరాదని బంధువులు అడ్డుపడ్డారు. ఆ కుండను ఆమే పట్టుకుని శవయాత్ర ముందు నడిచి, చితికి నిప్పుపెట్టింది.

ఆ తర్వాత ఆమెకు మిగిలింది ఏడేళ్ళు కూడా కాదు. 1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలల్లో పుణెకు పాకింది. ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని అప్పటికి రెండేళ్ళ క్రితమే, 1894లో, హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ గుర్తించాడు. అది ఎలుకల ఒంటిపై ఉండే ఫ్లీ కీటకాల ద్వారా మనిషికి అంటుతుందని పాల్ లూయీ సిమోఁ తేల్చినది 1898లో. అంటే 1897 వేసవినాటికి జబ్బు పేరు తెలుసు, వచ్చే దారి తెలియదు. తెలియని చోటే భయం పెరుగుతుంది. జనం ఊళ్ళు వదిలి పొలాల్లో పాకలు వేసుకున్నారు. రోగిని ఇంటిలో దాచుకున్నవారున్నారు, వీధిలో వదిలేసినవారూ ఉన్నారు.

బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఇళ్ళు సోదాచేయడానికి, మనుషులను విడదీయడానికి, ప్రయాణాలు ఆపడానికి ఆ చట్టం అధికారులకు విశేషాధికారాలిచ్చింది. అంత మహమ్మారి ముందు కూడా కులం తన పట్టు వదలలేదు. బొంబాయిలో కులాలవారీగా, మతాలవారీగా వేరువేరు ప్లేగు ఆసుపత్రులు వెలిశాయి. ఒక కులం రోగి పక్కన మరో కులం రోగి పడుకోవడానికి మనవాళ్ళు ఇష్టపడలేదు.

ఈ పరిస్థితిలో సావిత్రిబాయి కొడుకును పిలిపించింది. సైన్యంలో వైద్యుడిగా ఉన్న యశ్వంత్ సెలవుపై వచ్చాడు. పుణె శివార్లలో, హడప్సర్ వైపు ససానే వారి తోటలో చికిత్సాకేంద్రం తెరిచారు. కొడుకు వైద్యం చేసేవాడు, తల్లి రోగులను వెతికి తెచ్చేది. ముంఢ్వా గ్రామం బయట మహర్ వాడలో పాండురంగ్ గాయక్వాడ్ అనే అతని కొడుకు ప్లేగుతో పడివున్నాడని తెలిసింది. అరవై ఆరేళ్ళ ఆ తల్లి అక్కడికి వెళ్ళి, ఆ పిల్లవాణ్ణి వీపున వేసుకుని చికిత్సాకేంద్రానికి చేర్చింది. ఆ పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు సోకింది. 1897 మార్చి 10న ఆమె మరణించింది. అంటువ్యాధుల చట్టం వచ్చి అప్పటికి ముప్పైనాలుగు రోజులు. ఎనిమిదేళ్ళ తర్వాత పుణెలో ప్లేగు మళ్ళీ విజృంభించినప్పుడు యశ్వంత్ తిరిగివచ్చి రోగులకు సేవచేస్తూ, అదే జబ్బుతో 1905లో కన్నుమూశాడు.

నేను చెప్పడం ముగించాక గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పోర్టు కళాసీ కూతురు లేచి నిలబడింది. ఆమె చనిపోయింది కదా మేడమ్, మమ్మల్నీ అలాగే చనిపొమ్మంటున్నారా అని సూటిగా అడిగింది.

ఆ ప్రశ్న నన్ను సిగ్గుపరిచింది. సరిపడా ఎన్-95 మాస్కులు ఇస్తామని మాకు గట్టిగా హామీ ఇచ్చినవారు లేరు. బీమా గురించి మాట్లాడినవారు లేరు. సెలవు రోజుల్లో ఎక్కడ విడిగా ఉండాలో చెప్పినవారు లేరు. అవి అడగవలసిన నేను, వాటికి బదులు పిల్లలకు ఒక అమరగాథ చెప్పాను. త్యాగం గురించిన కథలు చాలాసార్లు ఈ పనికే వస్తాయి. ఇవ్వవలసినది ఇవ్వలేనివారు ఎదుటివారి ధైర్యాన్ని పొగుడుతారు. 2020 మార్చి 22న దేశమంతా పళ్ళేలు మోగించింది. మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రులపై పూలు చల్లాయి. ఆ పూల కింద నిలబడ్డ నర్సుల్లో ఎందరికో అద్దె ఇళ్ళు ఖాళీచెయ్యమన్న మాట అప్పటికే వినబడింది.

ఆ రాత్రి నేను మళ్ళీ మొదటినుంచి ఆలోచించవలసి వచ్చింది. సావిత్రిబాయి జీవితంలో పిల్లలు అనుసరించవలసినది ఏది? చావును కోరుకోవడం మాత్రం కాదు. ఆమె ఎన్నడూ చావును కోరుకోలేదు. బురద పడుతుందని తెలిసి రెండో చీర వెంట తెచ్చుకున్న మనిషి ఆమె. ముప్పు ఎటునుంచి వస్తుందో తెలిసినప్పుడల్లా దానికి తగిన ఏర్పాటు చేసుకుంది. ప్లేగు వచ్చే దారి ఆమె కాలపు శాస్త్రానికే తెలియదు. తెలిసి ఉంటే తనను కాపాడుకునే ఉండేదని నా నమ్మకం. మన పిల్లలకు ఆ దారి తెలుసు. గాలిలో వచ్చే జబ్బుకు మాస్కు, కిటికీ, దూరం, టీకా ఉన్నాయని తెలుసు. కాబట్టి వాటిని అడిగి సాధించుకోవడమే సావిత్రిబాయి బాటలో నడవడం. ఆమె రెండో చీరే మన పీపీఈ కిట్ అని పిల్లలకు చెప్పాను. అప్పుడు వారు కొంచెం నవ్వారు.

ఆమె ఏ పనీ ఒంటరిగా చెయ్యలేదన్నది నేను గ్రహించిన రెండో సంగతి. బడిలో ఫాతిమా, కరువులో సత్యశోధక కార్యకర్తలు, ప్లేగులో కొడుకు ఆమె వెంట ఉన్నారు. అందుచేత మా పిల్లలు కూడా ఎవరూ ఒంటరిగా వార్డులోకి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాం. ఇద్దరిద్దరు జంటలయ్యారు. ఒకరు కిట్ విప్పుతుంటే రెండోవారు ఎదురుగా నిలబడి ఒక్కొక్క మెట్టూ పైకి చదివేవారు. ముందు చేతి తొడుగులు, తర్వాత గౌను, చేతులు శుభ్రం చేసుకున్నాక కళ్ళద్దాలు, గది దాటాక చిట్టచివర మాస్కు. రోగి మరణించిన రోజున ఆ జంటకు ఆ పూట మరో పని చెప్పకూడదనుకున్నాం. రాత్రిపూట అరగంట అందరం కూర్చుని ఆనాడు చూసినది చెప్పుకునేవాళ్ళం. ఏడ్చినవారిని ఎవరూ ఊరుకోమనలేదు.

డయాలసిస్ తండ్రి ఉన్న అమ్మాయి వార్డుకు రాలేనంది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. ఫోన్లో రోగుల బంధువులతో మాట్లాడే పని తీసుకుని, మాలో అందరికంటే కష్టమైన మాటలు ఆమే చెప్పింది. వార్డుకు వెళ్ళినవారిలో ఒకమ్మాయికి జబ్బు సోకింది. మిగతావారు వంతులువారీగా ఆమెకు కావలసినవి చూశారు. ఆమె కోలుకుంది. మాస్కుల కోసం పిల్లలందరూ సంతకాలు చేసి అర్జీ పెట్టారు. మూడురోజుల్లో వచ్చాయి. భయం పోయిందని నేను చెప్పను. భయం ఏమిటో పేరుపెట్టి చెప్పుకోగలిగారు, దానిలో సగానికి పరిష్కారం అడగగలిగారు. మిగతా సగం భరించడానికి పక్కన మరొకరున్నారు.

ఇక కుళాయి దగ్గర ఆగిపోయిన ఆ తల్లి ప్రశ్న. మన సమాజంలో రోగి దేహాన్ని తాకే పని ఎవరిదో కులం ఎప్పుడో తేల్చిపెట్టింది. రక్తం, మలం, పురుడు, శవం అశుచి అన్నారు. వాటితో పనిచేసే చేతులను ఊరి అంచున ఉంచారు. మంత్రసానితనం చేసిన స్త్రీలు ఎక్కువగా అట్టడుగు కులాలవారు. ఆసుపత్రులు వచ్చాక కూడా కలవారి కుటుంబాలు ఆడపిల్లలను ఈ పనికి పంపడానికి జంకాయి. 1883లో గుంటూరు చేరిన అన్నా కుగ్లర్ వంటి మిషనరీ వైద్యుల వెంట మొదట నడిచినది ఎక్కువగా క్రైస్తవం స్వీకరించిన కుటుంబాల స్త్రీలే. ఈ వృత్తికి డిగ్రీ వచ్చింది, తెల్లని దుస్తులు వచ్చాయి, విదేశీ ఉద్యోగాలు వచ్చాయి. అయినా మనసులోని పాత మైల పోలేదని కొవిడ్ నిరూపించింది. భౌతిక దూరం అనవలసిన చోట సామాజిక దూరం అన్నాం. ఆ మాట వినగానే వేల ఏళ్ళుగా దూరంగా ఉంచబడినవారికి ఏం గుర్తుకొస్తుందో ఆలోచించలేదు. అంటువ్యాధి భయానికి గడువు ఉంటుంది, పద్నాలుగు రోజులో ఇరవై ఒక్క రోజులో. అంటరానితనానికి గడువు లేదు. ఆ ఇంటి యజమాని నోట రెండూ కలిసిపోయాయి. ఆ పిల్ల తేల్చుకోలేకపోవడానికి కారణం అదే.

ఆమెకు నేను చట్టం చెప్పాను. సావిత్రిబాయి మరణానికి ముప్పైనాలుగు రోజుల ముందు వచ్చిన ఆ చట్టాన్నే 2020లోనూ మన ప్రభుత్వాలు ప్రయోగించాయి. నూటయిరవైమూడేళ్ళ పాటు దానిలో సేవ చేసేవారికి రక్షణ లేదు. 2020 ఏప్రిల్ 22 నాటి ఆర్డినెన్సు, ఆపైన వచ్చిన సవరణ చట్టం ఆ లోటు కొంత తీర్చాయి. ఆరోగ్య సిబ్బందిపై హింసకు మూడు నెలల నుంచి ఐదేళ్ళ వరకు, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ళ వరకు శిక్ష విధించవచ్చు. వారి నివాస పరిస్థితులను దెబ్బతీసే వేధింపు కూడా ఆ హింస కిందికే వస్తుంది. ఆ అమ్మాయి ఫిర్యాదు చెయ్యలేదు. చట్టంలోని ఆ మాటలను తెలుగులో రాసుకుని తీసుకువెళ్ళి యజమానికి చదివి వినిపించింది. మరునాడు ఆమె తల్లి బిందె మళ్ళీ వరుసలోకి వచ్చింది. యజమాని మనసు మారిందో లేదో మాకు తెలియదు.

ఈ నగరానికి సావిత్రిబాయితో సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. 1923 జూలైలో కింగ్ జార్జి ఆసుపత్రిని ప్రారంభించినది పానగల్ రాజా రామారాయణింగారు. మహారాష్ట్రలో ఫూలేలు వేసిన బ్రాహ్మణేతర చైతన్యపు బాటకు మద్రాసు రాష్ట్రంలో సాటిగా నిలిచిన జస్టిస్ పార్టీ నాయకుడాయన. అందరికీ ఒకే కప్పుకింద పడక వెయ్యడం కూడా ఒక కులవ్యతిరేక చర్యే. ఇంకొక సంబంధం 2021 ఏప్రిల్ 22 నాటిది. విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ఏడు ట్యాంకర్ల ప్రాణవాయువుతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఆ రాత్రి బయలుదేరి మహారాష్ట్రకు, సావిత్రిబాయి నేలకు, వెళ్ళింది. ఆ కర్మాగారం కింద ఉన్నది మా విద్యార్థిని తాత పొలం. అదే ఏడాది జనవరిలో ఆ కర్మాగారాన్ని అమ్మివేయాలని కేంద్రం నిర్ణయించింది. ప్రజల ఆస్తి ప్రజలకు ఊపిరిగా మారడం మూడు నెలలు తిరక్కుండానే దేశమంతా చూసింది.

తర్వాతి మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిననాడు మొదట రోగిని తాకేది మళ్ళీ ఈ పిల్లలే. అప్పటిదాకా చెయ్యవలసిన పనులున్నాయి. శిక్షణలో ఉన్న విద్యార్థినికి ఉద్యోగికి ఇచ్చే రక్షణ పరికరాలే ఇవ్వాలి, బీమా ఉండాలి. ప్రతి నర్సింగ్ కళాశాలలో మానసిక ఆరోగ్య సలహాదారు ఉండాలి. సంక్షోభ విధులకు వచ్చినవారికి వేతనమూ విడిగా వసతీ కల్పించాలి. రాలేనన్నవారికి మరో పని చూపాలి, మార్కులతో శిక్షించకూడదు. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో కులం గురించి ఒక పాఠం ఉండాలి. రోగి కులం అడిగి నీళ్ళు తాగే రోజులు పూర్తిగా పోలేదని వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

నర్సింగ్ చరిత్ర చెప్పేటప్పుడు మేము దీపం పట్టుకున్న నైటింగేల్‌తో మొదలుపెడతాం. ఆమె గొప్పది. ఆమె ద్విశతాబ్ది అయిన 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరంగా జరిపింది. కానీ ఇప్పుడు నేను తొలి తరగతిలో రెండు బొమ్మలు పెడుతున్నాను. రెండోది మహర్ వాడ నుంచి పొలాలగట్ల మీదుగా, ఒక పిల్లవాణ్ణి వీపున మోసుకుని నడుస్తున్న ముసలితల్లిది. ఆమెను తలుచుకునేది ఆమెలా చనిపోవడానికి కాదని మొదటే చెబుతున్నాను. ఆమె వీపున మోసిన ఆ పిల్లవాడు బతికాడు. ఈసారి మోసేవారు కూడా బతకాలి.

(మార్చి 10 సావిత్రిబాయి ఫూలే వర్ధంతి. వ్యాసకర్త విశాఖపట్నంలో నర్సింగ్ అధ్యాపకురాలు)